జైలు గేటు దాటినవారికి ప్రభుత్వ సాయం ఎక్కడ దొరుకుతుంది?

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము సీతమ్మధార, అక్కయ్యపాలెం ప్రాంతాల్లో ఉంటున్న కొందరు విశ్రాంత ఉపాధ్యాయులం. కొంతకాలంగా అడవివరం కేంద్ర కారాగారానికి వెళ్లి ఖైదీలకు చదువు చెబుతున్నాం. లోపల శ్రద్ధగా అక్షరాలు దిద్దినవారిలో కొందరు విడుదలైన కొన్ని నెలలకే మళ్లీ రిమాండుకు వచ్చి మా ఎదుటే కూర్చుంటున్నారు. బయటకు వచ్చినవారికి ఆసరాగా నిలిచే చిన్న కేంద్రం ఒకటి పెట్టాలని అనుకుంటున్నాం. అమెరికాలో ఇలాంటి పనికి ప్రభుత్వమే గ్రాంట్లు ఇస్తుందని మాలో ఒకరి అల్లుడు చెప్పారు. మన దగ్గర అటువంటి గ్రాంటు ఉన్నదా? ఉంటే ఎవరికి దరఖాస్తు పెట్టుకోవాలి?
(విశ్రాంత ఉపాధ్యాయుల బృందం, విశాఖపట్నం)

సమాధానం: మీ బంధువు చెప్పింది నిజమే. అమెరికాలో 2008 ఏప్రిల్ 9న అప్పటి అధ్యక్షుడు జార్జి బుష్ సంతకంతో ‘సెకండ్ ఛాన్స్ యాక్ట్’ అనే చట్టం వచ్చింది. జైలు నుంచి తిరిగి వచ్చేవారికి ఉపాధి, వసతి, మత్తు వ్యసన చికిత్స, తోడుండి దారి చూపే వ్యక్తి వంటి సేవలు అందించడానికి రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకూ ఆదివాసీ పాలక మండళ్లకూ స్వచ్ఛంద సంస్థలకూ ఆ దేశపు న్యాయ శాఖ ఈ చట్టం కింద గ్రాంట్లు ఇస్తుంది. 2018 డిసెంబరులో దానిని మరో చట్టంలో భాగంగా పొడిగించారు. విడుదలైనవారి పునరావాసం అనే పేరుతోనే ఒక పద్దు, దాని కోసం విడిగా దరఖాస్తుల పిలుపు అక్కడ ఉంటాయి.

మన దగ్గర అలాంటి ఒకే పద్దు లేదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో నాలుగవ అంశం జైళ్లు. అంటే జైలు నిర్వహణ, విడుదల అనంతర సంరక్షణ ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత. కేంద్రం మార్గదర్శకాలు పంపుతుంది, కొన్ని పనులకు నిధులు ఇస్తుంది. 1980లో ఏర్పడి 1983లో నివేదిక ఇచ్చిన జస్టిస్ ముల్లా కమిటీ, విడుదల తరువాతి సంరక్షణను జైలు వ్యవస్థలో అంతర్భాగంగా చూడాలని చెప్పింది. 2016 నాటి నమూనా జైలు మాన్యువల్ దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. 1894 నాటి జైళ్ల చట్టం స్థానంలో రాష్ట్రాలు తెచ్చుకోవడానికి కేంద్ర హోం శాఖ 2023 మే నెలలో ఖరారు చేసిన నమూనా చట్టంలోనూ పునరావాసం ప్రస్తావన ఉంది. నలభై ఏళ్లుగా కాగితం మీద ఎవరూ కాదనని ఈ మాటకు తగిన పద్దు మాత్రం వెంట రాలేదు. జైళ్ల ఆధునికీకరణ పేరిట 2021-22 నుంచి 2025-26 వరకు రాష్ట్రాలకు కేటాయించిన 950 కోట్ల రూపాయలు కూడా ప్రధానంగా భద్రతా పరికరాలను ఉద్దేశించినవే. గోడ లోపలి భద్రతకు పెట్టే ఖర్చులో చిన్న భాగమైనా గోడ దాటినవాడి తొలి నెలకు పెట్టకపోవడం పొరపాటు విధానమని నా దృఢమైన అభిప్రాయం.

అందువల్ల మీరు ‘విడుదలైన ఖైదీల కేంద్రానికి గ్రాంటు ఇప్పించండి’ అని ఒకే దరఖాస్తు పట్టుకుని తిరిగితే ఏ కార్యాలయమూ అది తమది కాదనే అంటుంది. మీరు చేయబోయే పనిని విడగొట్టి, ఏ పనికి ఏ శాఖలో నిధులు ఉన్నాయో చూసుకుని అడగాలి.

మత్తు పదార్థాలకు అలవాటుపడినవారి చికిత్స, పునరావాసం మీ పనిలో భాగమైతే కేంద్ర సామాజిక న్యాయ శాఖ అమలు చేసే మాదకద్రవ్యాల డిమాండ్ తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఉంది. సమగ్ర పునరావాస కేంద్రాలు, బస్తీల్లోకి వెళ్లి పనిచేసే కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు దాని కింద గ్రాంటు వస్తుంది. ఆ శాఖ దరఖాస్తులు ‘ఈ-అనుదాన్’ పోర్టల్ ద్వారా వెళతాయి. నిరక్షరాస్యులకూ బడి మానేసినవారికీ వృత్తి శిక్షణ ఇచ్చే జన శిక్షణ్ సంస్థాన్‌లు నైపుణ్యాభివృద్ధి శాఖ నిధులతో నడుస్తాయి. మీరు సొంతంగా శిక్షణ కేంద్రం పెట్టే కంటే వారితో ఒప్పందం చేసుకుని మీ మనుషులను అక్కడికి పంపడం సులభం. ఆదుకునే కుటుంబం లేకుండా జైలు నుంచి విడుదలైన మహిళల విషయంలో పరిస్థితి కాస్త మెరుగు. పూర్వపు స్వాధార్ గృహ పథకం మార్గదర్శకాలు అటువంటివారిని లబ్ధిదారులుగా పేరు పెట్టి మరీ పేర్కొన్నాయి, ఆ పథకం ఇప్పుడు మిషన్ శక్తి కింద శక్తి సదన్‌లో కలిసింది. స్త్రీ, శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో దాని వివరాలు అడగండి. బాల నేరస్థుల విషయం వేరు: బాల న్యాయ చట్టం, 2015లోని 46వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండి సంరక్షణ గృహం వదిలే యువకులకు ఆర్థిక సాయం ఇవ్వడానికి వీలుంది.

ప్రభుత్వం కాకుండా రెండవ దారి కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఇటువంటి పనులకు వెచ్చించాలి, అందులోనూ తమ పరిసర ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. చమురు శుద్ధి కర్మాగారం, థర్మల్ విద్యుత్ కేంద్రం, ఎరువుల కర్మాగారం ఉన్న విశాఖలో ఈ తలుపు తట్టకుండా ఉండకూడదు. చట్టంలోని ఏడవ షెడ్యూలులో ఉపాధికి పనికివచ్చే వృత్తి నైపుణ్యాలు, సామాజికంగా ఆర్థికంగా వెనుకబడిన వర్గాల అసమానతల తగ్గింపు అనే అంశాలు ఉన్నాయి కనుక మీ ప్రతిపాదన వాటి కింద ఇముడుతుంది.

అర్హత కాగితాల సంగతి త్వరగా చెబుతాను. మీ బృందాన్ని ముందుగా ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేయించి, పాన్ తీసుకుని, నీతి ఆయోగ్ ‘దర్పణ్’ పోర్టల్‌లో గుర్తింపు సంఖ్య పొందండి. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 12ఏ, 80జీ అని పిలిచే నమోదులు ఉంటేనే కంపెనీల నిధుల కోసం సీఎస్ఆర్-1 పత్రం దాఖలు చేయగలరు. ప్రభుత్వ గ్రాంటు అడిగే చోట సాధారణంగా మూడేళ్ల పని అనుభవాన్నీ ఆడిట్ చేయించిన లెక్కలనూ చూపమంటారు. కొత్త సంఘానికి అవి ఉండవు. కాబట్టి తొలి మూడేళ్లు ఇప్పటికే అర్హత ఉన్న సంస్థకు భాగస్వామిగా పనిచేయడం మంచిది. అదే సమయంలో మీ పనిని మీ పేరు మీద కాగితంపై పెట్టుకుంటూ రండి.

అసలు కష్టం మంజూరైన తరువాత మొదలవుతుంది. గ్రాంటు సాధారణంగా వాయిదాల్లో వస్తుంది. ముందు వాయిదాకు ఖర్చు లెక్కలు, వినియోగ ధ్రువపత్రం ఇస్తే గాని తరువాతి వాయిదా కదలదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017 ప్రకారం గ్రాంటు సొమ్ముపై బ్యాంకులో వచ్చిన వడ్డీని కూడా ప్రభుత్వానికి జమ చేయాలి, ఆ డబ్బుతో కొన్న ఆస్తిని అనుమతి లేకుండా అమ్మకూడదు, లెక్కలను ప్రభుత్వ ఆడిటర్లు ఎప్పుడైనా చూడవచ్చు. రెండు వాయిదాల మధ్య జాప్యం జరిగితే జీతం ఆగిపోయిన కార్యకర్త వెళ్లిపోతాడు, అతన్ని నమ్ముకుని వచ్చినవాడు మళ్లీ రోడ్డు మీద పడతాడు. కనీసం ఆరు నెలల జీతాలకూ అద్దెకూ సరిపడా సొమ్ము చందాల రూపంలో చేతిలో లేకుండా గ్రాంటును నమ్ముకుని కేంద్రం తెరవవద్దని నా సలహా.

ప్రతిపాదనలో ఏమి రాయాలన్నది మరింత ముఖ్యం. చాలా సంస్థలు కుట్టు మిషన్లు, కంప్యూటర్లు, వడ్రంగి పనిముట్లతో పద్దు మొదలుపెడతాయి. విడుదలైన మనిషి అవసరం అంతకంటే ముందే మొదలవుతుంది. ఒక చేతిలో బట్టల సంచి, మరో చేతిలో విడుదల కాగితంతో అడవివరంలో గేటు బయటకు వచ్చిన మనిషిని ఊహించండి. పాడేరు వైపు వెళ్లవలసినవాడైతే ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా సిటీ బస్సు, అక్కడి నుంచి ఘాట్ ఎక్కే బస్సు పట్టుకోవాలి. సాయంత్రం దాటితే రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియదు. లోపల ఉన్న నెలల్లో రీచార్జి లేక అతని సిమ్ రద్దయి ఉంటుంది, ఆ నంబరు మరొకరికి వెళ్లిపోయి ఉండవచ్చు. ఆధార్‌కు ముడిపడినది ఆ నంబరే కనుక ఓటీపీ రాదు. ఓటీపీ లేక బ్యాంకు ఖాతా తెరవడం కష్టమవుతుంది, ఈకేవైసీ కాక రేషన్ కార్డులో పేరు నిలవదు, సచివాలయంలో ఏ దరఖాస్తూ ముందుకు సాగదు. కూలికి వెళితే సొమ్ము ఫోన్‌పేలో వేస్తామంటారు, అదీ కుదరదు. నైపుణ్య శిక్షణ ఈ మనిషికి మూడో నెల మాట.

అందుచేత మీ బడ్జెట్‌లో మొదటి పద్దుగా బస్సు చార్జీ, కొత్త సిమ్, ఆధార్‌లో ఫోను నంబరు మార్పు, ఫోటోలు, నెల రోజుల గది అద్దె, భోజనం పెట్టండి. రెండవ పద్దుగా పూర్తికాలపు కార్యకర్త జీతం చూపండి. విడుదల తేదీకి ముందే ములాఖత్‌లో మనిషిని కలిసి, గేటు దగ్గర నిలబడి, వాయిదా రోజున కోర్టుకు తోడు వెళ్లేది అతనే. మొదటి రాత్రుల కోసం మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఆధ్వర్యంలోని నిరాశ్రయుల వసతి గృహాలతో ముందే మాట్లాడుకోండి. ఫలితాల గడిలో ‘మళ్లీ నేరం చేయకుండా చూస్తాం’ అని రాయవద్దు, అది మీ చేతిలో లేని హామీ. ఎంతమందికి కాగితాలు తిరిగి వచ్చాయి, ఎంతమంది ప్రతి వాయిదాకూ హాజరయ్యారు, మూడు నెలలు నిండేసరికి ఎంతమంది పనిలో ఉన్నారు అన్నవి లెక్కించగలిగిన విషయాలు, గ్రాంటు ఇచ్చేవారు నమ్మేవీ అవే.

మరొక్క మాట. మాన్యువళ్లు పునరావాసం గురించి చెప్పేదంతా దాదాపు శిక్ష పడిన ఖైదీలను దృష్టిలో పెట్టుకుని రాసినదే. అయితే జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, విచారణ ఖైదీలు. ఏడాది లోపల ఉండి జామీనుపై వచ్చినవాడికి పోయిన పని, పోయిన పరువు, తెగిన బంధుత్వం శిక్ష పడినవాడితో సమానమే. పైగా అతనికి కోర్టు వాయిదాల భారం కూడా ఉంటుంది. మీ కేంద్రం నియమావళిలో ‘విచారణ ఖైదీలుగా విడుదలైనవారు’ అన్న మాటను తప్పకుండా చేర్చండి. ముందుగానే రాసుకోకపోతే, వారిపై పెట్టిన ఖర్చుకు ఆడిట్‌లో అభ్యంతరం రావచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి దొంగతనం కేసులో అడవివరం జైలులో ఉన్నాడు. ఇదే మొదటి కేసు. బెయిలు ఇచ్చి నెల దాటింది కానీ ఇద్దరు జామీనుదారులను తెమ్మన్నారు, మాకు దొరకలేదు. నేను ఇళ్లలో పని చేసుకుంటాను. పేద ఖైదీలకు ప్రభుత్వం డబ్బు కడుతుందని విన్నాను. నాకు ఇస్తారా?
(ఒక తల్లి, గాజువాక)

సమాధానం: అమ్మా, మీరు విన్నది సరైనదే కానీ ఆ డబ్బు మీ చేతికి ఇవ్వరు, నేరుగా కోర్టులో జమ చేస్తారు. కేంద్ర హోం శాఖ 2023లో పేద ఖైదీలకు తోడ్పాటు పథకం ప్రారంభించింది. ఏడాదికి 20 కోట్ల రూపాయలు దానికి కేటాయించింది. ఆ సంవత్సరపు మార్గదర్శకాల ప్రకారం బెయిలు వచ్చినా సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల రూపాయల వరకు, జరిమానా కట్టలేక ఆగిపోయిన శిక్ష ఖైదీకి 25 వేల వరకు మంజూరు చేయవచ్చు. తరువాత వచ్చిన సవరణలు ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో చెబుతారు. కలెక్టరు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, పోలీసు అధికారి, జైలు అధికారి, జిల్లా జడ్జి నియమించిన న్యాయమూర్తి ఉన్న జిల్లా కమిటీ దీనిని నిర్ణయిస్తుంది.

బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే ఆ సంగతిని జైలు అధికారులే న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలి. అయినా మీరు ఎదురుచూస్తూ కూర్చోవద్దు. బెయిలు ఉత్తర్వు నకలు, మీ రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని జిల్లా కోర్టు ప్రాంగణంలోని ఆ కార్యాలయానికి వెళ్లి, కొడుకు పేరు, కేసు నంబరు రాసి అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ ఉచిత న్యాయవాదిని పొందే హక్కు ఉంది, ఆదాయ పరిమితి అడగరు. 15100 నంబరుకు ఫోను చేసినా సాయం దొరుకుతుంది.

మీ సమస్య డబ్బు కంటే మనుషుల జామీనుది కనుక మరో మార్గం మీకు ఎక్కువ పనికివస్తుంది. బెయిలు వచ్చిన నెల రోజుల్లో పూచీకత్తు ఇవ్వలేకపోతే ఆ షరతులను సడలించాలా అని కోర్టు తనంతట తానుగా పరిశీలించవచ్చునని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న మార్గదర్శకాలు ఇచ్చింది. మీకు నెల దాటింది. ఉచిత న్యాయవాది ద్వారా, ఇద్దరు జామీనుదారుల షరతు తగ్గించమని లేదా సొంత పూచీకత్తుపై విడిచిపెట్టమని పిటిషన్ వేయించండి. దానితోపాటు, భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం గతంలో ఏ నేరానికీ శిక్ష పడని వ్యక్తి ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులు నడుస్తున్నవారికీ ఇది వర్తించదు. ఆ గడువు నిండిందేమో న్యాయవాదిని లెక్క చూడమనండి, జామీను కోసం బ్రోకర్లకు మాత్రం డబ్బు ఇవ్వకండి.

ప్రశ్న: మా తమ్ముడు గంజాయి మోస్తూ దొరికి రిమాండులో ఉన్నాడు. మేము చింతపల్లి వైపు గిరిజనులం. పై పథకం అతనికి వర్తిస్తుందా?
(ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా)

సమాధానం: వర్తించదు. మాదకద్రవ్యాల చట్టం, అవినీతి నిరోధక చట్టం, అక్రమ నగదు చలామణీ నిరోధక చట్టం, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద కేసులున్నవారిని ఆ పథకం మార్గదర్శకాలు మినహాయించాయి. దేశం మొత్తానికి ఇది చిన్న మినహాయింపుగా కనబడవచ్చు. ఏజెన్సీ నుంచి గంజాయి కేసుల్లో వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఉండే అడవివరం జైలుకు మాత్రం పథకంలో ముఖ్యమైన భాగాన్నే ఇది తీసేసినట్టు అవుతుంది. పెట్టుబడి పెట్టి సరుకు నడిపించే వ్యాపారికి జామీను సొమ్ము కొదవ ఉండదు. కూలి కోసం మూట ఎత్తిన కుర్రవాడే లోపల మిగిలిపోతాడు. ఈ తేడాను గుర్తించేలా మార్గదర్శకాలను మార్చవలసి ఉందని ఈ శీర్షిక ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఉచిత న్యాయ సహాయానికి మాత్రం ఈ మినహాయింపు లేదు. దొరికిన సరుకు బరువు ఎంతని ఎఫ్ఐఆర్‌లో రాశారో ముందుగా చూడండి. గంజాయి విషయంలో 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం అవుతుంది, అప్పుడు మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ కారణంగా బెయిలు చాలా కష్టం. అంతకు లోపు ఉంటే ఆ అడ్డంకి లేదు. మీ తమ్ముడికి వాడే అలవాటు కూడా ఉంటే విడుదల కాగానే 14446 నంబరుకు ఫోను చేయండి. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే చికిత్స కేంద్రాల వివరాలు చెబుతారు. ఉపాధి కోసం పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: శిక్ష పూర్తి చేసుకుని వచ్చాను. టిఫిన్ బండి పెట్టుకుందామంటే బ్యాంకు వాళ్లు అప్పు ఇస్తారా? కేసు ఉందని తిప్పి పంపుతారా?
(ఒక పాఠకుడు, మధురవాడ)

సమాధానం: వీధి వ్యాపారులకు ఇచ్చే పీఎం స్వనిధి రుణానికీ, 50 వేల రూపాయల లోపు శిశు ముద్రా రుణానికీ పాత శిక్ష అనర్హత కాదు. స్వనిధి కింద 2025లో మార్చిన నిబంధనల ప్రకారం తొలి విడత 15 వేలు, సక్రమంగా తీర్చితే తరువాత 25 వేలు, ఆపై 50 వేలు. ముందుగా జీవీఎంసీ నుంచి వీధి వ్యాపారి గుర్తింపు పత్రం లేదా సిఫారసు లేఖ తీసుకోవాలి.

బ్యాంకు తిప్పి పంపితే అందుకు కారణం కేసు కంటే పాత బాకీ కావడానికే అవకాశం ఎక్కువ. లోపలికి వెళ్లేనాటికి బండి మీదో ఫోను మీదో ఈఎంఐ ఉండి ఉంటే, కట్టని నెలలన్నీ మీ అప్పుల చరిత్రను చూపే సిబిల్ రికార్డులో ఎగవేతగా నమోదై ఉంటాయి. దరఖాస్తుకు ముందే ఆ రికార్డు తెప్పించుకుని చూడండి. బాకీ ఇచ్చిన సంస్థకు విడుదల పత్రం చూపి, ఒకేసారి కట్టే పరిష్కారం అడిగి, బాకీ లేదన్న పత్రం రాతపూర్వకంగా తీసుకోండి. ఆ వివరం రికార్డులో మారిన తరువాతే బ్యాంకుకు వెళ్లండి.